జ్వరం తగ్గింది కదా, ఇంకేం నొప్పులు?

చికున్‌గున్యా వచ్చి వెళ్ళిన ఇంట్లో మిగతావాళ్ళు ఎలా నడుచుకోవాలో చెప్పడానికి నాకన్నా తగినవాడు లేడు. అంటే జ్వరం నాకు రాలేదు, మా ఆవిడకు వచ్చింది. అయినా రోగం గురించి మాట్లాడే అర్హత పడ్డవాళ్ళకన్నా పక్కన కుర్చీ వేసుక్కూర్చున్నవాళ్ళకే ఎక్కువ. పడ్డవాళ్ళు మూలుగుతూ ఉంటారు, వాళ్ళకు మాట్లాడే తీరికెక్కడిది? నేను విద్యుత్తు శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా లెక్కలో మీటరు ఏం చూపిస్తే అదే నిజం. థర్మామీటరు 98.4 చూపించిందంటే జ్వరం లేదు. జ్వరం లేదంటే రోగం లేదు. రోగం లేదంటే ఆరింటికల్లా కాఫీ రావాలి.

కాబట్టి మొదటి సలహా. జ్వరం దిగిన రోజున గోడమీది క్యాలెండర్లో ఎర్ర ఇంకుతో సున్నా చుట్టండి. అక్కణ్ణుంచి వారం రోజులు ఓపిక పట్టండి. ఎనిమిదో రోజు నుంచి ఆశ్చర్యపోవడం మొదలుపెట్టండి. "ఇంకా తగ్గలేదా?" అని రోజుకు మూడుసార్లు, భోజనానికి ముందు.

మా ఇంట్లో 2024 వినాయక చవితి వెళ్ళిన వారానికి వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి చలి అంది, ఐదింటికి 103, రాత్రికి మంచం దిగి నిలబడలేక బాత్రూము దాకా గోడ పట్టుకుని, చివరి నాలుగడుగులూ పాక్కుంటూ వెళ్ళింది. నాలుగో రోజుకు జ్వరం దిగింది, నేను సున్నా చుట్టాను. మర్నాడు వీధి గుమ్మం ముందు ముగ్గు లేదు. ఆ మర్నాడూ లేదు. పదిహేను చుక్కలు పెట్టి మెలికల ముగ్గు ఎక్కడా తెగకుండా తిప్పే మనిషి. ముప్పై ఏడేళ్ళుగా, ఇంట్లో ఉన్న ఏ రోజూ మా వాకిలి బోసిగా లేదు. ఏమిటని అడిగితే, "ముగ్గుపిండి పట్టుకోవాలంటే బొటనవేలు, చూపుడువేలు కలవాలి కదండీ, కలవట్లేదు" అంది. వేళ్ళు కలవకపోవడమేమిటి? కలిపి చూపించమన్నాను. కలిపింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూశావా, కలిశాయి కదా" అన్నాను. రోగికి ధైర్యం ఇలాగే చెప్పాలి.

పేరు గురించి కూడా ఒక మాట. 2006లో మన వైపు ఊళ్ళకు ఊళ్ళు మంచాన పడ్డప్పుడు మా చుట్టాల్లో సగం మంది దీన్ని 'చికెన్ గున్యా' అన్నారు, కోడికూర మానేశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో మహారాష్ట్ర నవాపూర్‌లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చింది కాబట్టి అనుమానానికి బలం కూడా చేకూరింది. కోడికీ దీనికీ ఏ సంబంధమూ లేదట. మాట టాంజానియాలోని మకొండే జనం భాషలోదట. 1952లో అక్కడ జ్వరాలు రేగినప్పుడు మనుషులు నొప్పులతో వంగిపోవడం చూసి పెట్టిన పేరట. డాలస్ నుంచి మా అబ్బాయి చెప్పాడు. అంటే పేరు పెట్టినవాళ్ళు జ్వరాన్ని పట్టించుకోలేదు, నొప్పుల్నే చూశారన్నమాట. ఇలాంటి సంగతులు రోగి చెవిన పడనివ్వకండి. "చూశారా, దాని పేరే అది" అని మొదలుపెడతారు. నా సలహా ఏమిటంటే పేరు ఏదైనా కోడికూర మాన్పించేయండి. ఎందుకని అడిగితే "వేడి" అనండి. తెలుగునాట ఆ మాటకు ఎదురు ప్రశ్న లేదు.

కోడితో ఆగితే పత్యం అనిపించుకోదు. గుడ్డు, చేప, వంకాయ, గోంగూర, పెరుగు, చింతపండు, ఆలుగడ్డ, మినప్పప్పు కూడా తీసేయాలి. బీరకాయ, పొట్లకాయ మిగులుతాయి. ఐదు వారాల్లో మా ఆవిడ నాలుగు కిలోలు తగ్గింది. జ్వరంలో కరిగిపోయిన కండ మళ్ళీ పట్టాలంటే పప్పు, గుడ్డు, పెరుగు పెట్టాల్సిందని తర్వాత డాక్టరమ్మ అంది. నేనేం మాట్లాడలేదు. పత్యం పెట్టినవాడు ఎప్పుడూ ఓడిపోడు. తగ్గితే పత్యం వల్ల తగ్గింది, తగ్గకపోతే మధ్యలో ఎవరో పెరుగు తిన్నారు.

మందుల దగ్గరికి వద్దాం. రెండో రోజున మెడికల్ షాపుకెళ్ళి "ఒళ్ళు నొప్పులకు గట్టిది ఇవ్వు" అని అడిగి తెచ్చాను. ఇంకా అది డెంగీయా చికున్‌గున్యాయా తేలలేదు. డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి ముట్టుకోకూడదట, రక్తస్రావం ముప్పు పెరుగుతుందట. పారాసిటమాల్ ఒక్కటేనట, అదీ పెద్దవాళ్ళకు రోజు మొత్తంలో 4 గ్రాములు దాటకుండా. 650 బిళ్ళలైతే ఆరు, అంతే. లివరు సంగతో, తక్కువ బరువో ఉంటే ఇంకా తక్కువ. ఇవన్నీ చదువుకున్నవాళ్ళ అనుమానాలు. షాపు కుర్రాడికి ఏ అనుమానమూ లేదు, నాకూ లేదు. అదృష్టం కొద్దీ డెంగీ కాలేదు. దాన్ని నేను నా తెలివి ఖాతాలో జమ వేసుకున్నాను.

సెలైన్ సంగతి మర్చిపోకండి. సీసా తలకిందులుగా వేలాడితే తప్ప వైద్యం జరిగినట్టు చుట్టాలు ఒప్పుకోరు. వాంతులై నీళ్ళు తాగలేనివాళ్ళకు అది అవసరమే కానీ, నోటితో తిని తాగుతున్న మనిషికి అరలీటరు గ్లూకోజు సీసాలో ఉండేది పాతిక గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. మా ఇంట్లో కాఫీలో వేసుకుంటే అడ్డుచెప్పేది నేనే. చేతికి సూది గుచ్చి ఎక్కించేసరికి అదే చక్కెర 'బలం' అయిపోయింది. రెండు సీసాలు పెట్టించాను.

ఇప్పుడు అసలైన చిట్కా. ప్రతి కాలనీ చివరా ఒక క్లినిక్కు ఉంటుంది. పేరు పక్కన ఉన్న అక్షరాలు చదవకండి, వరండాలో ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టండి. ఆయన ఎక్కువ ప్రశ్నలడగడు. నడుముకో సూది, కాగితం పొట్లంలో తెల్లదొకటి, పసుపుదొకటి, సగానికి విరిచిందొకటి, పూటకో పొట్లం. మర్నాడు పొద్దున మా ఆవిడ లేచి బట్టలు పిండింది, పెసరట్లు వేసింది. నేను కాలనీ మొత్తానికి ఆయన నంబరిచ్చాను. ఐదో రోజుకి నొప్పులు పాతవాటికన్నా గట్టిగా వచ్చాయి. మళ్ళీ సూది. మళ్ళీ నాలుగు రోజుల స్వర్గం. ఆ నెలన్నరలో ఇలా నాలుగుసార్లు తిరిగాం. ముఖం నిండు చందమామలా అయ్యింది. పక్కింటావిడ "వదినగారు కాస్త ఒళ్ళు చేశారు, తేరుకున్నట్టే" అని సంతోషించింది. షుగరు అంచున ఉండే మనిషికి 270 వచ్చింది.

అప్పుడు అబ్బాయి పోరు పడలేక కీళ్ళ జబ్బుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ ముందడిగిన మాట, "ఆ పొట్లంలో ఏముండేది?" రంగులు చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. సూదిలోనూ పొట్లంలోనూ ఉన్నది స్టెరాయిడే అయ్యుంటుందట. అది వాపును నొక్కిపెడుతుంది, ఆపితే తన్నుకొస్తుంది. వారాల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే, ఒళ్ళు తనంతట తాను తయారుచేసుకునేది వెంటనే అందుకోదు, మనిషి కూలబడిపోవచ్చు. అవసరమైనవాళ్ళకు కొద్దిరోజులు ఇచ్చి, చూసుకుంటూ తగ్గిస్తారే తప్ప పొట్లాల్లో పంచరట. ఇన్ని చెప్పి ఆవిడ నాలుగు రోజుల్లో నిలబెడతానని మాత్రం అనలేదు. ఇలాంటి డాక్టర్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు పెద్దగా ఆశలు పెట్టుకోకండి.

పైగా నన్ను అడిగింది, ఏం ఉద్యోగం చేశారని. చెప్పాను. "సబ్‌స్టేషన్లో లైను ఆఫ్ చేయగానే కెపాసిటర్ బ్యాంకు ముట్టుకుంటారా?" అంది.

"ఎలా ముట్టుకుంటామమ్మా? సప్లై పోయినా దాంట్లో ఛార్జి ఉంటుంది. కాసేపాగి, డిశ్చార్జి రాడ్డుతో ఎర్త్ చేశాకే చెయ్యి పెడతాం. తొందరపడి చెయ్యి కాల్చుకున్న లైన్‌మన్‌ను నా కళ్ళతో చూశాను."

"ఇదీ అంతే. వైరస్ రక్తంలో మామూలుగా వారం మించి ఉండదు. కానీ అది రేపిన వాపు కీళ్ళలో ఉండిపోతుంది. మూడు వారాల్లో చాలామందికి సద్దుమణుగుతుంది, కొందరికి మూడు నెలలు, ఇంకొందరికి అంతకన్నా ఎక్కువ. వయసు నలభై ఐదు దాటి, మొదటివారం నొప్పులు బాగా ఎక్కువగా ఉండి, మోకాళ్ళు అంతకుముందే అరిగి ఉంటే ఆలస్యం అవుతుంది. అమ్మకు మూడూ ఉన్నాయి."

ఐదు నిమిషాలకూ ఐదు నెలలకూ పోలికేమిటని నేను మనసులో అనుకున్నాను. పైకి అనలేదు, ఫీజు కట్టేశాం కదా.

డాక్టర్లు పరీక్షలు రాస్తారు, అది మంచిదే. రిపోర్టుల్లో 'నార్మల్' అన్న మాట ఎక్కడుందో వెతికి దాని కింద గీత గీయండి. మా ఆవిడకు కీళ్ళవాతం పరీక్షలు రెండూ నెగెటివ్‌గానే వచ్చాయి. యూరిక్ యాసిడ్ కూడా బాగానే ఉంది. ఇంటికొచ్చి ఫైలు బల్లమీద పెట్టి, "నీకేం లేదని కాగితం మీద రాసిచ్చారు" అన్నాను. వేరే కీళ్ళ జబ్బు మొదలవలేదని తేల్చుకోవడానికి రాశారే గాని, నొప్పి లేదని తేల్చడానికి కాదని ఆ డాక్టరమ్మ ముందే చెప్పింది. నిజానికి ఇంట్లో వాదన గెలవడానికి లాబొరేటరీ రిపోర్టును మించింది లేదు. నొప్పిని కొలిచే మీటరు లేదు కాబట్టి, మీటరు లేని చోట యూనిట్లు కాలలేదనే మనం బిల్లు రాస్తాం.

గడియారం కూడా పనికొస్తుంది. పొద్దున ఆరింటికి మా ఆవిడ పాదం నేలమీద పెట్టడానికి ముందు మంచం అంచున కూర్చుని మడమలు రెండూ అటూ ఇటూ తిప్పుకుంటుంది. తర్వాత ఒక చెయ్యి బీరువా మీద, ఒక చెయ్యి గోడ మీద. కొళాయి తిప్పదు, ముంజేత్తో నెడుతుంది. కుక్కరు మూత నా దగ్గరికి తెస్తుంది. జాకెట్టు హుక్సు పెట్టమని పెళ్ళైన ముప్పై ఏడేళ్ళకు మొదటిసారి నన్ను పిలిచింది. ఆ పని కనిపించినంత సులువు కాదు. కానీ పదకొండయ్యేసరికి ఇంట్లో ఒక మోస్తరుగా తిరుగుతుంది. ఆరింటికి లేవలేని మనిషి పదకొండింటికి ఎలా తిరుగుతోంది? దీన్ని నేను పట్టేసుకున్నాను. ఆఫీసులో ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూడలేదు! వాపు వల్ల వచ్చే నొప్పి గుణమే అదట, రాత్రంతా కదలని కీళ్ళు తెల్లారేసరికి బిగుసుకుంటాయి, వేడినీళ్ళతో, కాస్త కదలికతో వదులవుతాయి. అలా అయితే ఆరింటికే కదలొచ్చు కదా? నా ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

వ్యాయామం విషయంలో నా పద్ధతి రెండు భాగాలు. మొదటి నెల కాలు కింద పెట్టనివ్వకండి. రెండో నెల మొదటి రోజు నుంచి పదివేల అడుగులు. నేను అడుగులు లెక్కపెట్టే వాచీ కొనిచ్చాను. మొదటి రోజు పట్టుదలగా పార్కులో ఆరువేలు నడిచింది. తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు. వాచీలో మొత్తం కూడితే వారానికి సగటు పడిపోయింది, అది నన్ను బాధించింది. అలాగే ఒక్క రోజు నొప్పులు తక్కువున్నాయంటే ఆ రోజే బీరువా సర్దించాలి, ఆవకాయ జాడీలు కడిగించాలి, మళ్ళీ అలాంటి రోజు వస్తుందో రాదో! రాదు కూడా, ఓ వారం దాకా. "పది నిమిషాలు నడవండి, ఇంకా నడవగలననిపించినప్పుడే ఆగండి" అని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. నడవగలిగినప్పుడు ఆగడం నాకు ఇప్పటికీ మింగుడుపడని సలహా.

మూడో నెలలో దువ్వెన నిండా జుట్టు వచ్చింది. గట్టి జ్వరం తగిలిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం, మళ్ళీ దానంతటది రావడం మామూలేనట. హైదరాబాదులో పాతికేళ్ళుగా ఉంటున్నా మేం కాకినాడవాళ్ళం, కాబట్టి బోరునీళ్ళను తిట్టాం. నూనె మార్చాం, షాంపూ మార్చాం, చివరికి ట్యాంకు కడిగించాం. ట్యాంకు కడిగించడం ఒక్కటే తర్వాత పనికొచ్చింది.

కాకినాడ అంటే గుర్తొచ్చింది. 1964-65ల్లో మద్రాసు తర్వాత విశాఖ, కాకినాడ, రాజమండ్రిల్లోనూ ఇదే జ్వరం తిరిగింది. అప్పుడు మా నాయనమ్మ వంగిన నడుముతో ఏడాది పాటు కర్ర పట్టుకు తిరిగిందని మా అమ్మ చెప్పేది. అందరం నాయనమ్మది ముసలితనం అనుకున్నాం. ఆవిడకు అప్పుడు యాభై రెండు. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఈ జబ్బు దేశంలో దాదాపు కనబడలేదు. 2005 చివర్లో మళ్ళీ వచ్చింది, వస్తూనే అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో అడుగుపెట్టింది. 2006లో దేశమంతా కలిపి అనుమానిత కేసులే దాదాపు 14 లక్షలని ప్రభుత్వ లెక్క. అదే అలలో హిందూ మహాసముద్రంలోని రియూనియన్ ద్వీపంలో ప్రతి ముగ్గురిలో ఒకరికి వచ్చింది. అక్కడ జ్వరం వచ్చినవాళ్ళను వదలకుండా అడుగుతూ పోతే పదిహేను నెలల తర్వాత కూడా సగానికి పైగా మంది కీళ్ళనొప్పులున్నాయన్నారు. మలేరియాకు వాడే క్లోరోక్విన్ మొదట్లోనే ఇచ్చి చూస్తే ఉపయోగం లేకపోగా, అది వేసుకున్నవాళ్ళే తర్వాత ఎక్కువ నొప్పులన్నారట. మా బావమరిది ఆ మాత్రలే వాట్సాప్‌లో పంపించాడు, పేరు, డోసుతో సహా. అతనికి పెయింట్ల వ్యాపారం.

పలకరింపులకు వెళ్ళేవాళ్ళకు రెండు ముక్కలు. ఉత్త చేతులతో వెళ్ళకండి, ఒక ఉదాహరణ తీసుకెళ్ళండి. "మా పిన్నికి మూడేళ్ళున్నాయి" అన్నది బాగా పనిచేస్తుంది. దాని వెనకే "మా ఆఫీసులో ఒకాయనకు వారంలో పోయింది, మనసు గట్టిది" అనాలి. అమృతాంజనం డబ్బా తీసుకెళ్ళడం కూడా మంచిదే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలుపెట్టిన మందు, కీడు చేయదు, ఇంట్లో రోగి ఉన్నారని వాసనతో వీధికి తెలుస్తుంది. ముక్కు మీద గోధుమరంగు మచ్చ కనిపిస్తే మాత్రం తప్పకుండా అడగండి. ఈ జ్వరం తర్వాత అది చాలామందికి వస్తుంది, నెలల్లో వెలిసిపోతుంది. రోగి అద్దం చూసుకోవడం మానేసి ఉంటే మీరే గుర్తుచేయాలి. మా ఇంటికి వచ్చినవాళ్ళలో ఒక్క మనిషి, మా పనమ్మాయి, ఏమీ అడక్కుండా కుక్కరు మూత తీసి, కొబ్బరి కోరి, ఆ పూట గిన్నెలు పైఅరలో కాకుండా కింద అరలో సర్ది వెళ్ళింది. పలకరింపు ఎలా చేయాలో ఆ పిల్లకు తెలియదు.

ఇక దోమ. 2024 చివర్లో అమెరికా సీడీసీ వాళ్ళు తెలంగాణ పేరు పెట్టి తమ ప్రయాణికులకు చికున్‌గున్యా హెచ్చరిక ఇచ్చారని అబ్బాయి ఫోను చేసి, "నాన్నా, మేడమీద డ్రమ్ము ఎప్పుడు కడిగారు?" అని అడిగాడు. మా కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది, డ్రమ్ము ఖాళీ చేస్తే నీళ్ళెవరిస్తారు? అందులో తోకపురుగులు కొట్టుకుంటుంటే చూశాను, కుట్టేవి అవి కావు కదా. వారం పది రోజుల్లో అవే కాళ్ళమీద తెల్లచారల దోమలై పట్టపగలు కుడతాయట. అందుకే శుక్రవారం పూట 'డ్రై డే' అని మునిసిపాలిటీవాళ్ళు మైకులో చెప్పుకుంటూ వెళతారు. గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయట. నీళ్ళు పారబోస్తే చాలదు, బ్రష్షుతో రుద్దాలట. ఫ్రిజ్ వెనక నీళ్ళ పళ్ళెం తీసి చూడండి. చూడకపోతే ఇంకా మంచిది, నేను చూశాక వారం రోజులు ఐసునీళ్ళు తాగలేదు. నేనైతే రాత్రిపూట దోమతెర కట్టుకుని పడుకున్నాను. పగటి దోమకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

జ్వరం వచ్చిన ఏడాది ధనుర్మాసం మా వాకిట్లో ముగ్గు లేకుండానే వెళ్ళిపోయింది. పనమ్మాయి రెండు గీతలు గీసేది. సంక్రాంతికి నేను ముగ్గు స్టిక్కరు కొని అంటించాను. మా ఆవిడ దాన్ని తొక్కకుండా పక్కనుంచి వెళ్ళేది.

మొన్న ధనుర్మాసం మొదటి రోజు తెల్లారగట్ల లేచి చూస్తే తలుపు తీసి ఉంది. వాకిట్లో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంది, పాత సాస్ సీసా మూతకు కన్నం పెట్టి అందులో ముగ్గుపిండి నింపుకుంది. లావుపాటి సీసా కాబట్టి చిటిక పట్టక్కర్లేదు, అరచేత్తో పట్టుకుంటే చాలు. సీసాతో ముగ్గేమిటి అనబోయాను. చలిలో ఊరుకున్నాను. ఏడు చుక్కలు, లెక్కపెట్టాను. నాలుగో వరుస దగ్గర సీసా ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకుంది. తర్వాత సీసా నా చేతికిచ్చింది.

మోకాళ్ళ మీద కూర్చుని గీత లాగాను. వంకరపోయింది, ఓ చుక్క మీదుగా వెళ్ళింది కూడా. దాన్ని చెరిపేసి మళ్ళీ గబగబా లాగబోతే స్టూలు మీంచి మా ఆవిడ అంది:

"చుక్కని తగలకుండా చుట్టూ తిప్పండి. తొందరేం లేదు."